నాయనమ్మ కోసం నిదానంగా తొక్కిన సైకిలు

ఇన్నేళ్ళలో ఈ సంగతి నన్ను ఒక్కరూ అడగలేదు. తిరువూరులో మా వీధి మధ్యన ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు దాని మీద ఓసారి ఎగిరిపడ్డాక, ఇదెవరు వేయించారని ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు బాబాయిని అడుగుతారు. ఆయన చెవి మీది పెన్సిలు సర్దుకుని, "ఏదో మనమేనండి, నలుగురికీ పనికొస్తుందని" అంటాడు. ఆయన ఆ మాట అనేటప్పుడు నేను చాలాసార్లు అదే కొట్టు ముందు పెసరపప్పు కోసం నిలబడి ఉంటాను. ఆయన నా వైపు చూడడు. అడిగినవాళ్ళూ చూడరు. పొట్లం తీసుకుని ఇంటికొచ్చేస్తాను. ఇలా ఎన్నిసార్లు జరిగిందో నాకు గుర్తుంది గానీ ఇక్కడ చెప్పను. చెబితే, ఇంత చిన్న విషయాన్ని మనసులో పెట్టుకున్నాడా అంటారు. పెట్టుకున్నాను.

ఆ రోజుల్లో మనిషికి కోపం వస్తే కాగితం కావలసి వచ్చేది. ఇప్పుడు ఫోనులో నాలుగు ముక్కలు కొట్టి, అరచేతిలోనే కోపం పుట్టించి అరచేతిలోనే చల్లార్చుకుంటున్నారు. అప్పుడలా కాదు. తెల్లకాగితం ఉండాలి, ఎడమవైపు మార్జిను వదలాలి, పైన 'గౌరవనీయులైన' అనాలి, కింద 'తమ విధేయుడు' అనాలి. ఆ రెంటి మధ్యలో పళ్ళు కొరకాలి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో టైపింగు పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ కష్టాలన్నీ నా వేళ్ళ మీదుగా పోయేవి. రెడ్డిగూడెం నుంచి ఒకాయన మామిడి తోట గట్టు తగాదాతో వచ్చేవాడు, ఇంకొకాయన రేషన్ కార్డులో తన వయసు తన కొడుకు వయసు కంటే తక్కువ పడిందని వచ్చేవాడు. ఎవరి అర్జీ అయినా నా చేతిలో పడితే దానికి పదును వస్తుందని మా ఓనరు అనేవాడు. (ఆ మాట ఆయన ఒక్కసారే అన్నాడు. తర్వాత అననే లేదని ఇప్పుడంటాడు. నాకు మాత్రం గుర్తుంది.)

ఆ వయసు కుర్రాళ్ళందరికీ మోటారు బళ్ళుండేవి. నాకూ ఉండేది. ఒకరోజు పెట్రోలు బంకులో నాకు పోసేవాడు మీటరు సున్నా చూపించకుండా పోశాడు. అదేంటని అడిగితే, "చూపించానుగా, మీరే చూళ్ళేదు" అన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఆ వారంలోనే బండి అమ్మేసి సైకిలు కొన్నాను. దీనివల్ల ఆ బంకువాడికి వచ్చిన నష్టమేమీ లేదని మా అమ్మ చాలాసార్లు చెప్పింది గానీ, సంగతి నష్టం గురించి కాదు. పైగా సైకిలు మీద నాకు చిన్నప్పటి నుంచీ ఒక విద్య ఉంది. కాలు కింద పెట్టకుండా, ఆగకుండా, చీమ పక్కనుంచి దాటిపోయేంత నిదానంగా తొక్కగలను. స్కూల్లో స్లో సైకిలు పందెంలో నేనే గెలిచాను. డ్రిల్లు మాస్టారు నాకు రెండో బహుమతి ఇచ్చారు. అది వేరే కథ, దాన్ని ఇప్పుడు తవ్వను.

అసలు గొడవ మా వీధి రోడ్డుతో మొదలైంది. అప్పట్లో అది రోడ్డు కాదు, గుంతల వరస. వానాకాలంలో ఆ గుంతల్లో నీళ్ళు నిలిచి, సైకిలు ముందు చక్రం ఎంత లోతుకు దిగుతుందో తెలిసేది కాదు. నేను అర్జీ పెట్టాను. ఒకటి కాదు, ఏడాదిన్నర పాటు నెలకొకటి. చివరికి రోడ్డు వేశారు. నల్లగా, నున్నగా, మా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా అద్దంలా వేశారు. ఆ పూట వీధిలో వాళ్ళంతా నన్ను మెచ్చుకున్నారు. కిరాణా కొట్టు బాబాయి బెల్లం ముక్క చేతిలో పెట్టి, "సాధించావురా అబ్బాయ్" అన్నాడు. నా జీవితంలో వీధి మొత్తం నన్ను మెచ్చుకున్న పూట అదొక్కటే గనక దాని సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను.

పదిహేను రోజులు కాకుండానే సంగతి తిరగబడింది. మెయిన్ రోడ్డు మీద బస్సులూ లారీలూ కిక్కిరిసి ఉంటాయి గదా, గంపలగూడెం వెళ్ళే ఆటోలవాళ్ళు మా కొత్త రోడ్డు కనిపెట్టారు. వాళ్ళ వెనకాల మామిడికాయల ట్రాక్టర్లు, వాటి వెనకాల కాలేజీ కుర్రాళ్ళ మోటారు సైకిళ్ళు. గుంతలున్నప్పుడు మా వీధిలో ఎద్దుబండి కూడా ఆలోచించుకుని అడుగేసేది. ఇప్పుడు ఆటో వస్తోందని తెలిసేలోపే వెళ్ళిపోయేది. అరుగుల మీద ఆరేసిన వడియాల నిండా దుమ్ము. కోళ్ళు రోడ్డు దాటడం మానేశాయి. వీధి వీధంతా నా మీద పడింది. "నిన్నెవడు వేయించమన్నాడ్రా రోడ్డు? గుంతలుంటే హాయిగా ఉండేవాళ్ళం" అని మొన్న బెల్లం పెట్టిన బాబాయే అన్నాడు. (బెల్లం వెనక్కి ఇచ్చేద్దామనుకున్నాను, అప్పటికే తినేశాను.)

కోళ్ళ సంగతి ఎలా ఉన్నా, మా ఇంట్లో రోడ్డు దాటడం మానేసిన మనిషి మా నాయనమ్మ. అసలు బాధ అదీ. మా ఇంటికి సరిగ్గా ఎదురుగా, రోడ్డవతల, ఎదురింటి మామ్మ ఉండేది. ఇద్దరూ నలభై ఏళ్ళ స్నేహితులు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళు. మధ్యాహ్నం నాలుగయ్యేసరికి నాయనమ్మ మొహం కడుక్కుని, చీర కుచ్చెళ్ళు సర్దుకుని రోడ్డు దాటి వెళ్ళేది. ఆరింటిదాకా ఎదురింటి అరుగు మీద అష్టాచెమ్మా ఆడుకునేవాళ్ళు. అరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, నాలుగు గవ్వలు వేస్తూ, కాయలు నడుపుతూ, ఒకరి కాయనొకరు చంపుకుంటూ, పెళ్ళిళ్ళూ పురుళ్ళూ అన్నీ అక్కడే మాట్లాడుకునేవాళ్ళు. ఎదురింటి మామ్మకు మోకాళ్ళ నొప్పులు. మెట్లు దిగదు. కాబట్టి దాటి వెళ్ళేది ఎప్పుడూ నాయనమ్మే.

కొత్త రోడ్డు వచ్చాక ఒకరోజు ఒక ఆటో నాయనమ్మ పమిట చెంగుకి గాలి తగిలేంత దగ్గరగా దూసుకుపోయింది. నాయనమ్మ రోడ్డు మధ్యనుంచి వెనక్కి తిరిగి వచ్చేసి అరుగు మీద కూర్చుంది. మర్నాడు నాలుగింటికి మొహం కడుక్కుంది, కుచ్చెళ్ళు సర్దుకుంది, గడప దాకా వెళ్ళింది, ఆగిపోయింది. నేను చెయ్యి పట్టుకుని దాటిస్తానన్నాను.

"చెయ్యి పట్టుకుని దాటించుకునేంత ముసలిదాన్నా నేను? చీపురు పుచ్చుకుని వాకిలి మొత్తం నేనే ఊడుస్తున్నా. వెళ్ళి నీ టైపు కొట్టుకో పో" అంది.

అప్పటికి ఆవిడకి డెబ్బై ఆరు. మా వంశంలో మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు మాత్రం అంత రాలేదు.

ఆట మానలేక ఇద్దరూ ఒక ఉపాయం చేశారు. మా అరుగు మీద గళ్ళు గీసి ఈవిడ, అక్కడి అరుగు మీద గళ్ళు గీసి ఆవిడ. మా అమ్మ ఫోను ఈవిడ చెవి దగ్గర, వాళ్ళ కోడలి ఫోను ఆవిడ చెవి దగ్గర. ఎవరి గవ్వలు వాళ్ళు వేసుకుని, ఎంత పడిందో ఫోనులో చెప్పడం, విన్నవాళ్ళు రెండో వాళ్ళ కాయ నడపడం. రోడ్డు మీద వాహనం వచ్చినప్పుడల్లా ఆట ఆగిపోయేది. "ఏంటి వదినా, మూడా, నాలుగా? ట్రాక్టరు పోతోంది, వినబడట్లేదు" అని ఇద్దరూ ఫోను పట్టుకుని మరీ కేకలు వేసుకునేవాళ్ళు. ఆ కేకలు ఫోను లేకపోయినా వినిపించేవి. ఈ పద్ధతి నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు ఎదురింటి మామ్మకు వరసగా మూడు అష్టాలు పడ్డాయి. అంటే నాలుగు గవ్వలూ బోర్లా పడటం, మూడుసార్లూ అలాగే పడటం.

"వరసగా మూడు అష్టాలా వదినా? నీ గవ్వలేమన్నా చదువుకున్నాయా?" అంది నాయనమ్మ.

"పడ్డాయి కాబట్టి చెప్తున్నా. నలభై ఏళ్ళలో నీ దగ్గర ఎప్పుడన్నా అబద్ధమాడానా?"

"నలభై ఏళ్ళు నా కళ్ళ ముందు ఆడావు. ఇప్పుడు రోడ్డవతల ఆడుతున్నావు."

ఎదురింటి మామ్మ ఫోను పెట్టేసింది. నాయనమ్మ నన్ను సాక్షిగా పంపించింది. నేను పరుగెత్తుకుని రోడ్డు దాటి వెళ్ళేసరికి ఆవిడ గవ్వలు కొంగున ముడేసుకుంటోంది. "చూడ్డానికి ఏముంది నాయనా, నన్ను దొంగని చేశారుగా" అని లోపలికి వెళ్ళిపోయింది. మూడు అష్టాలు నిజంగా పడ్డాయో లేదో నేను చూడలేదు. చూడలేదనే చెప్పాను. సాక్షి చెప్పవలసింది అదే గదా. దానికి నాయనమ్మ, "నిన్ను పంపడం నాదే బుద్ధి తక్కువ" అంది.

ఆ రోజు నుంచి ఆ ఇద్దరూ మాట్లాడుకోలేదు. నాలుగింటికి ఇద్దరూ ఎవరి అరుగు మీద వాళ్ళు ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. ఒకరినొకరు చూసుకోకుండా మధ్యలో రోడ్డు వైపు చూసేవాళ్ళు. నాయనమ్మ సాయంత్రం టీ సగంలో వదిలేసేది. గవ్వల డబ్బా మూత తీసేది, పెట్టేది. మూడో రోజు మా అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లిగా, "చూడు, ఆవిడ ఇలాగే కూర్చుంటే నెలకల్లా మంచం పట్టేస్తుంది. ఆ రోడ్డేదో నువ్వే తెచ్చావు, దీని సంగతీ నువ్వే చూడు" అంది. వీధిలో వాళ్ళు ఎన్నన్నా అనుకోనీ, వాళ్ళతో వాదించగలను. గవ్వల డబ్బాతో ఏం వాదిస్తాను?

ఆ రాత్రే అర్జీ రాశాను. 'మా వీధిలో వాహనముల వేగము మితిమీరినందున, వృద్ధులు రోడ్డు దాటలేకపోవుచున్నందున, మా ఇంటి ఎదుట స్పీడ్ బ్రేకర్ ఏర్పాటు చేయవలసినదిగా' అని. మర్నాడు ఆఫీసుకి తీసుకెళ్ళాను. (ఏ ఆఫీసో చెప్పను. చెబితే నన్ను మళ్ళీ కూర్చోబెడతారు.) అక్కడ ఒక గుమస్తా ఉండేవాడు. రోడ్డు కోసం ఏడాదిన్నర తిరిగినప్పుడు నన్ను చూసి చూసి అలవాటైనవాడు. కాగితం చదివి, కళ్ళజోడు తీసి, నన్ను చాలాసేపు చూశాడు.

"ఏంటండి, అప్పుడు రోడ్డు బాలేదని మీరే కదా వచ్చింది?"

"అవునండి."

"బాగుచేశాం కదండి?"

"చేశారండి."

"ఇప్పుడు బాగుందని ఫిర్యాదా అండి?"

"బాగుందని కాదండి. బాగుండబట్టి వేగంగా పోతున్నారని."

"మీకోసం ఇప్పుడు మళ్ళీ గుంతలు తవ్వమంటారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు తడుముకోకుండా జవాబు చెప్పడం రాదు. నా జవాబులన్నీ ఇంటికెళ్ళి కాగితం ముందు కూర్చున్నాకే వస్తాయి. ఆ రాత్రి ఆ గుమస్తాకి చెప్పవలసిన జవాబులు పదకొండు తట్టాయి. మర్నాడు రెండో అర్జీలో అవన్నీ చేర్చాను. దానికి, "పరిశీలనలో ఉందండి, వచ్చే వారం రండి" అన్నాడు. వచ్చే వారం వెళితే, పరిశీలించే ఇంజినీరు గారు కొత్తగా వచ్చారనీ, ఆయన ఊరు పరిచయం చేసుకుంటున్నారనీ చెప్పాడు. అర్జీ అందినట్టు రసీదు అడిగితే, "నా మీద నమ్మకం లేదా అండి?" అన్నాడు. లేదని చెప్పాను. అప్పటినుంచి ఆయన నాతో మాట్లాడలేదు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం, షాపులో ఎవరిదో పాస్‌బుక్కు జిరాక్సు తీస్తుండగా నాకు ఆ ఆలోచన వచ్చింది. స్పీడ్ బ్రేకర్ చేసే పనేంటి? వాహనాలను కాసేపు నిదానం చేయడం. నాయనమ్మ రోడ్డు దాటడానికి పట్టేది నిమిషమున్నర, మహా అయితే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు రోడ్డుని నేనే నిదానం చేస్తే? సిమెంటు అక్కర్లేదు, కంకర అక్కర్లేదు, మంజూరు అక్కర్లేదు. నా దగ్గర సైకిలుంది. స్లో సైకిలు విద్య ఉంది. దానికి బహుమతి ఎవరిచ్చినా ఇవ్వకపోయినా.

నాలుగింటికి టీకని చెప్పి షాపులోంచి బయటపడ్డాను. వీధి మొదట్లో సైకిలెక్కి, రోడ్డు నడిమధ్యకు వచ్చి, ఈ అంచు నుంచి ఆ అంచుకి, ఆ అంచు నుంచి ఈ అంచుకి పాము పాకినట్టు తొక్కడం మొదలుపెట్టాను. వెనక ఆటో హారన్ కొట్టింది. నేను వెనక్కి చూడలేదు. వెనక్కి చూస్తే మనిషి మెత్తబడతాడు. మా ఇంటి ముందుకొచ్చేసరికి నా వెనక రెండు ఆటోలూ, ఒక పాలవాడి బండీ, ఒక ట్రాక్టరూ మా ఊరి పెళ్ళి ఊరేగింపులా బారులు తీరి ఉన్నాయి. ఎదుటినుంచి వచ్చేవాళ్ళు ఇదేదో ఊరేగింపే అనుకుని దారివ్వడానికి తామే ఆగిపోయారు. అరుగు మీద నాయనమ్మ లేచి నిలబడింది. "నాయనమ్మా, దాటు!" అని అరిచాను.

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసింది. రోడ్డు చూసింది. గవ్వల డబ్బా చంకన పెట్టుకుని, పమిట సర్దుకుని, మహారాణిలా దిగింది. చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. అవతలి అరుగు మీద ఎదురింటి మామ్మ మొహం తిప్పుకుని కూర్చుని ఉంది.

"ఏం వదినా, దారి తప్పి వచ్చావా?" అంది.

"నీ గవ్వలు నిజంగా చదువుకున్నాయేమో చూద్దామని వచ్చా. తియ్యి ఇటు."

ఎదురింటి మామ్మ నవ్వేసింది. నాయనమ్మ కూడా నవ్వింది. వెనక ఆటోలవాళ్ళు మాత్రం నవ్వలేదు. వాళ్ళన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు. అయినా ఆ సాయంత్రం సైకిలు మీద షాపుకి తిరిగి వెళుతున్నప్పుడు ఎంత తేలిగ్గా ఉందంటే, నాకు తెలియకుండానే వేగంగా తొక్కేశాను.

మళ్ళీ ఆరింటికి ఇదే ఊరేగింపు, ఈసారి అటునుంచి ఇటు. రోజుకి రెండుసార్లు. ఎనిమిది రోజుల్లో నేను ఆటోల వాళ్ళందరికీ తెలిసిపోయాను. నాకు 'అడ్డం సైకిలు' అని పేరు పెట్టారు. కొందరు నాలుగింటికి మా వీధిలోకి రావడమే మానేశారు. నాయనమ్మకి భయం పోయింది. నా దృష్టిలో కాస్త ఎక్కువగానే పోయింది. మొదటిరోజు నిమిషమున్నరలో దాటిన మనిషి, నాలుగో రోజుకి రోడ్డు మధ్యన ఆగి, ఆగిపోయిన ఆటోల్లోకి తొంగి చూసి తెలిసినవాళ్ళుంటే పలకరించడం మొదలుపెట్టింది. "నెమలి గుడికా వెళ్తున్నావు? స్వామికి నా దణ్ణం కూడా పెట్టు. నీ కోడలు నీళ్ళోసుకుందన్నారు, ఎన్నో నెల?" ఇక్కడ నేను ఆగకుండా, కాలు కింద పెట్టకుండా, ఉన్నచోటే చక్రం అటూ ఇటూ తిప్పుతూ చెమటలు కక్కుతున్నాను. కిరాణా కొట్టు బాబాయి కొట్టు మెట్ల మీద నిలబడి, "ఒరేయ్, నా కొట్టుకొచ్చే బళ్ళన్నీ ఆగిపోతున్నాయి, ఇదేం న్యూసెన్సురా?" అని రోజూ అరిచేవాడు. ఆయన్ని బాగా గుర్తుపెట్టుకోండి. బ్రేకర్ వేయించానని ఇప్పుడు చెప్పుకునే ఆయనే ఈయన.

తొమ్మిదో రోజు నా వెనక ఒక కొత్త హారన్ వినిపించింది. ఆటోది కాదు, ట్రాక్టరుది కాదు, ఉద్యోగం ఉన్న హారన్. నేను వెనక్కి చూడలేదు. హారన్ ఆగింది, జీపు తలుపు తెరుచుకున్న చప్పుడైంది, బూట్ల చప్పుడు నా పక్కకి వచ్చి నాతో పాటు నడవసాగింది. (అంత నిదానంగా ఉంది నా సైకిలు.) ముప్పై ఏళ్ళ మనిషి, చేతిలో ఫైలు.

"ఏమయ్యా, సైకిలు తొక్కుతున్నావా, నిలబెట్టావా?"

"తొక్కుతున్నాను సార్. చక్రం చూడండి, తిరుగుతోంది."

"ఇలా ఎంతసేపు తొక్కుతావు?"

"ఇంతకంటే వేగంగా తొక్కాలని రూలుంటే చూపించండి సార్."

ఆయన మొహం ఎర్రబడింది. "నేనెవరో తెలుసా? కొత్తగా వచ్చిన ఇంజినీర్ని. అవతల పనుంది. పోలీసుల్ని పిలవమంటావా?"

ఇంజినీరు అన్న మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నా అర్జీని పరిశీలించవలసిన మనిషి, నా పక్కనే, కాలినడకన! అర్జీ నకలు నేను ఎప్పుడూ చొక్కా జేబులోనే పెట్టుకుని తిరిగేవాణ్ణి. ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని రెండో చేత్తో కాగితం తీయబోయాను. ఈలోపు రోడ్డు మధ్యనుంచి నాయనమ్మ గొంతు వినిపించింది.

"ఎవరబ్బాయివి నాయనా? ఏ ఊరు?"

ఇంజినీరు గారు ఇరుకునపడ్డాడు. ఎంత పెద్ద ఉద్యోగమైనా ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకున్నవాణ్ణి నేను చూడలేదు. "మాది విజయవాడండి మామ్మగారూ. మా అమ్మమ్మగారిది ఇక్కడే, పెనుగొలను."

"పెనుగొలనా! నా పుట్టిల్లేరా అది! ఎవరింటి పిల్లాడివి?"

"రెండు మేడల వాళ్ళింటి పిల్లాణ్ణండి."

"రెండు మేడల వాళ్ళా? గలగలమ్మ మనవడివా నువ్వు?"

ఆయన ఫైలు చంకలోకి చేరింది. "మా అమ్మమ్మని ఊళ్ళో అలాగే అనేవాళ్ళంటండి. మీకెలా తెలుసు?"

"ఎలా తెలుసేంటి, నాకు అక్క వరస అవుద్ది. చిన్నప్పుడు ఇద్దరం ఒకే అరుగు మీద అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. ఆటలో నోరు మూసేది కాదు, అందుకే ఆ పేరు. అయితే నువ్వు నాకు మనవడివేరా!" అని, వెంటనే నా వైపు తిరిగి, "ఒరేయ్, బావరా నీకు! నమస్కారం పెట్టు" అంది.

సైకిలు మీద ఉండి, కాలు కింద పెట్టకుండా, వెనక అరడజను వాహనాలు మొత్తుకుంటుండగా నమస్కారం ఎలా పెట్టాలో ఆవిడ చెప్పలేదు. ఆయన అప్పటికే చేతులు జోడించి రోడ్డు మధ్యకు వెళ్ళాడు. "ఎండలో నిలబడ్డారేంటి అమ్మమ్మా?" అన్నాడు. మామ్మగారు పోయి అమ్మమ్మ అయ్యింది, అరనిమిషంలో. ఈవిడ వెంటనే అందుకుంది. "ఏం చెప్పను నాయనా, ఈ బళ్ళు నన్ను రోడ్డు దాటనివ్వవు. ఇదిగో, వీడు ఆపితే దాటుతున్నా. మనవడివై ఉండి, దీనికేదన్నా చూడకూడదూ?"

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ పట్టుకోనిచ్చింది! చెయ్యి పట్టుకుని దాటించుకునేంత ముసలిదాన్నా అన్న మనిషి, చూస్తూ చూస్తూ ఆ చెయ్యి పట్టుకుని, ఎదురింటి అరుగు దాకా వెళ్ళి, "వదినా, మా గలగలమ్మక్క మనవడు" అని పరిచయం చేసింది. ఆ అరుగు మీదే ఆయన మజ్జిగ తాగాడు. తాగుతూ, "రెండు రోజుల్లో స్పీడ్ బ్రేకర్ వేయిస్తాను అమ్మమ్మా" అన్నాడు. నేను పరుగున వెళ్ళి (సైకిలు అప్పటికి దిగేశాను, ఆటోలు నా పక్కనుంచి తిట్టుకుంటూ పోయాయి) జేబులోంచి కాగితం తీసి అందించాను.

"ఇదేంటి బావా?"

"అర్జీ అండి. రెండో అర్జీ. మొదటిది కూడా ఆఫీసులో ఉంటుంది."

ఆయన నవ్వి, కాగితం మడత కూడా విప్పకుండా నా జేబులోనే పెట్టేశాడు. "అర్జీ ఎందుకు బావా? అమ్మమ్మ చెప్పిందిగా."

రెండు రోజుల్లో కంకర దిగింది. నేను ముందురోజే మా ఇంటి ముందు సుద్దముక్కతో గీత గీసి ఉంచాను. మా మెట్ల దగ్గర మొదలై ఎదురింటి మెట్ల దగ్గర ముగిసే గీత. పనివాళ్ళు గీత చూసి గడ్డపారలు దింపారు. అప్పుడు నాయనమ్మ బయటికొచ్చి, "ఇక్కడొద్దు నాయనా, కాస్త కింద, ఆ కిరాణా కొట్టు ముందు వెయ్యండి. అక్కడ రేకుల నీడుంది, కూర్చోడానికి బల్ల ఉంది. దాటి వెళ్ళి అక్కడే ఆడుకుంటాం" అంది. నా గీత మీదుగా నడిచి వెళ్ళి మరీ చూపించింది. కొట్టు మా ఇంటికి నాలుగిళ్ళవతల, ఎదురింటి మామ్మ వైపే ఉంది. నేను మాట్లాడబోయాను. "నువ్వుండరా" అంది.

అక్కడే వేశారు. మర్నాటినుంచి ఎదురింటి మామ్మ కూడా మెట్లు దిగి, నాలుగిళ్ళు నడిచి కొట్టు దగ్గరికి రావడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు. కొట్టు ముందు వాహనాలన్నీ నిదానించేసరికి జనానికి కొట్టు కంటపడింది, బేరాలు పెరిగాయి. బాబాయి బల్ల మీద కొత్త చాప పరిచాడు, మూడో చెయ్యిగా తనూ కూర్చుని గవ్వలు వేసేవాడు. ఓడిపోతే ఇద్దరు ముసలమ్మలకీ చెరో పటికబెల్లం ముక్క. మా ఇంటి ముందు మాత్రం, బ్రేకర్ దాటిన ప్రతి వాహనమూ గేరు మార్చి పొగ వదిలి దూసుకుపోతుంది. నేటికీ అంతే. ఆ మూలుగు వింటూనే ఇది రాస్తున్నాను.

అయినా నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రాల్లో షాపునుంచి వస్తూ ఆ బ్రేకర్ దగ్గర నేనూ సైకిలు ఆపేవాణ్ణి. రేకుల నీడలో ముగ్గురి అరుపులు. "అది బోర్లా పడలా, నా కళ్ళతో చూశా!" "నీ కళ్ళకి శుక్లాలొచ్చాయి వదినా!" నాయనమ్మ టీ మొత్తం తాగేది. తర్వాత ఏడేళ్ళు ఆవిడ అలాగే రోజూ దాటింది. కుడి ఎడమలు చూడకుండా, గవ్వల డబ్బా చంకన పెట్టుకుని. ఆవిడ పోయిన ఏడాదికి ఎదురింటి మామ్మ కూడా పోయింది. నాయనమ్మ ఉన్న రోజుల్లో ఒకసారి, ఎవరో చుట్టాలొస్తే, "మా మనవడు వేయించాడు ఇది" అని ఆవిడ బ్రేకర్ చూపించి చెప్పడం విన్నాను. ఆశ చంపుకోలేక, వాళ్ళు వెళ్ళాక అడిగాను.

"ఏ మనవడు నాయనమ్మా?"

ఆవిడ గవ్వలు గలగలలాడించి వేసింది. నాలుగూ వెల్లకిలా పడ్డాయి. "చెమ్మా" అని, కాయ నడిపి, అప్పుడు నా వైపు చూసింది. "రోడ్డు నువ్వు వేయించావురా. దాటించింది వాడు" అంది. ఇంకేదో అనబోయి నవ్వింది. నన్ను ఏడిపించడానికే అందని నాకు తెలుసు. అయినా ఆ మాటకి ఏం జవాబు చెప్పాలో ఆ రాత్రి కాగితం ముందు కూర్చున్నా తట్టలేదు. తట్టకుండా పోయిన జవాబు నా జన్మలో అదొక్కటే.

ఇప్పుడు నాకు మోకాళ్ళు కాస్త పట్టేస్తున్నాయి. అంత నిదానంగా ఇప్పుడు తొక్కలేను, నాలుగు గజాలకే కాలు కింద పడుతుంది. అప్పటి కుర్రాడు ఎండలో, చెమటలో, వెనక ఊరంతా తిడుతుంటే చక్రం అటూ ఇటూ తిప్పుకుంటూ ఉన్నచోటే నిలబడ్డం గుర్తొస్తే, వాడి భుజం మీద చెయ్యి వెయ్యాలనిపిస్తుంది. కానీ వాడు రాసిన అర్జీలున్నాయి, రెండు. బ్రేకర్ వచ్చింది, కాదనను. అది గలగలమ్మ గారి మనవడు తన అమ్మమ్మ వరస మనిషికి వేసింది. నేను అడిగినదానికి ఇచ్చింది కాదు. నా అర్జీ ఇంకా అలాగే ఉంది. మంజూరు చేశామనో, తిరస్కరించామనో, కనీసం చదివామనో, ఆఫీసు ముద్రతో, సంతకంతో, తేదీతో రాసి ఇవ్వవలసిన జవాబు నాకింకా అందలేదు. ఆ గుమస్తా గారు రిటైరయ్యారని విన్నాను. ఆయన కుర్చీలో ఇప్పుడెవరున్నారో వారికి చెబుతున్నాను. వీధి అదే, ఇంటి నంబరు అదే, అడిగినవాడూ వాడే. జవాబివ్వండి.